నవ్వించు బొమ్మల కథలు – అందలి విజ్ఞానము

హిమాయత్‌నగర్ అనగానే హైదరాబాదు వారికి నగరము నడుమనున్న పేట తలపునకు వచ్చును. పుస్తకముల అంగళ్లు, కార్యాలయములు, ఎడతెగని వాహనములు గల చోటది. అదే పేరుగల మరియొక ఊరు మొయినాబాదు మండలములో, చేవెళ్ల పోవు బాటమీద కలదు. పుస్తకము కావలసినవాడు మొదటి హిమాయత్‌నగర్‌కు పోవలెను. ఆ పుస్తకమును పిల్లవాడెట్లు చదువుచున్నాడో తెలిసికొనగోరువాడు రెండవ హిమాయత్‌నగర్‌కు పోవలెను. మన విద్యావిషయక చర్చలు చాలవరకు మొదటి ఊరిలోనే ఆగిపోవుచున్నవి. ఈ వ్యాసము రెండవ ఊరినుండి మొదలగుచున్నది.

కొంతకాలము నేను ఆ ప్రాంతమున విజ్ఞానశాస్త్రము బోధించితిని. ఒకనాడు ఎనిమిదవ తరగతిలో శక్తిని గూర్చి పాఠము చెప్పుచుండగా, వెనుక వరుసలోని కుర్రవాడొకడు పాఠ్యపుస్తకమును నిలువుగా పట్టుకొని అత్యంత శ్రద్ధతో చూచుచుండెను. అంత శ్రద్ధ నా పాఠమునకు సహజముగా కలుగునది కాదు. దగ్గరకు పోయి చూడగా లోపల బొమ్మల పుస్తకము! అది హైదరాబాదులోనే రూపొందిన ‘ఛోటా భీమ్’ కథ. లాగికొని బల్ల సొరుగులో పడవేసితిని. కుర్రవాడు ఏడ్వలేదు, బతిమాలలేదు. తల వంచుకొని ఒక్క ప్రశ్న మాత్రము వేసెను: “సార్, లడ్డు తింటే అంత బలం ఎంబడే వస్తదా?”

నేను “కూర్చోరా” అంటిని. నలుబది నిమిషములుగా నేను బోర్డుమీద వ్రాయుచున్న విషయము కూడ అదియే, ఆహారములోని శక్తి పనిగా మారుట. పిల్లవాడు నా పాఠమునకు సంబంధించిన ప్రశ్ననే అడిగెను. నేను దానికి సమాధానము చెప్పక, దానిని పుట్టించిన పుస్తకమును లాగికొంటిని. ఆ సాయంకాలము సొరుగు తెరచి ఆ పుస్తకమును, తరువాత దొరికినన్ని ఇతర పుస్తకములను చదివితిని. వాటిలో మంచి యెంత, చెడుగెంత, విజ్ఞానశాస్త్ర బోధకునకు అవి మిత్రులా, శత్రువులా అను విచారణయే ఇచ్చట చేయదలచినది.

నిషేధముల కథ

బొమ్మల కథలమీద పెద్దలకు గల అనుమానము మన దేశమునకే పరిమితము కాదు. 1954లో అమెరికాలో ఫ్రెడ్రిక్ వెర్థామ్ అను మనోవైద్యుడు, బొమ్మల కథలు చదువుటవలన బాలురు నేరములకు అలవాటు పడుచున్నారని వాదించుచు ఒక గ్రంథము ప్రకటించెను. ఆ సంవత్సరమే అమెరికా సెనేటు ఉపసంఘము విచారణ జరిపెను. ప్రచురణకర్తలు బెదరి, తమపై తామే కఠినమైన నియమావళి విధించుకొనిరి. అనేక పత్రికలు మూతపడెను.

మన కథకు ముఖ్యమైనది దీని తరువాతి భాగము. వెర్థామ్ కాగితములు పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చిన పిదప, గ్రంథాలయశాస్త్ర పండితురాలైన కెరోల్ టిల్లీ వాటిని పరిశీలించి 2012లో ఒక వ్యాసము వెలువరించెను. ఆయన తాను చూచిన బాలుర మాటలను మార్చెననియు, కొన్నిటిని కలిపెననియు, వారి కష్టములకు గల ఇతర కారణములను విడిచిపెట్టెననియు ఆమె చూపినది. అనగా బొమ్మల పుస్తకములపై శాస్త్రము పేర జరిగిన దాడిలో శాస్త్రీయత లోపించినది. ముందుగా తీర్పు నిర్ణయించుకొని పిదప సాక్ష్యము వెదకుకొనుట విజ్ఞానశాస్త్రము సహింపని తప్పు. సొరుగులో పుస్తకము పడవేసిన నేనును ఆ తప్పే చేసితిని. పుస్తకము తెరచి చూడక మునుపే తీర్పు చెప్పితిని.

అట్లని బొమ్మల కథలన్నియు మేలని చెప్పుటయు అట్టి తప్పే యగును. దేనికదిగా పరీక్షింపవలసినదే. పరీక్షకు కొలత కావలెను. ఆ కొలత యేది?

రెండు గడుల నడుమ ఏమున్నది?

బొమ్మల కథలో పుటను గడులుగా విభజింతురు. మొదటి గడిలో కోతి కొమ్మమీద కూర్చుండి యుండును. రెండవ గడిలో నేలపై పడి నెత్తిన బొప్పితో నుండును. అది పడుటను చిత్రకారుడు వేయలేదు, మనమే చూచితిమి. గడికి గడికి నడుమనున్న ఆ ఖాళీలో పాఠకుని బుద్ధి పనిచేయును. అమెరికా చిత్రకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథములో, బొమ్మల కథకు ప్రాణము ఈ ఖాళీయే యని వివరించెను.

విజ్ఞానశాస్త్రజ్ఞుడు చేయుపనియు ఇంచుమించు ఇట్టిదే. నిన్న చంద్రుడెచ్చట నుండెనో, నేడెచ్చట నున్నాడో చూచి, నడుమ జరిగినదానిని ఊహించును. అయితే తన ఊహను మరల పరిశీలనతో సరిచూచుకొనును. బొమ్మల కథ చదువు బాలుడు ఊహించుట నేర్చుకొనును. సరిచూచుకొనుట అతనికి ఉపాధ్యాయుడు నేర్పవలెను.

బొమ్మయు మాటయు పక్కపక్కన నున్నచో విషయము చక్కగా మనస్సున నాటునని అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు రిచర్డ్ మేయర్, ఆయన సహచరులు చేసిన ప్రయోగములు చూపినవి. ఆ ప్రయోగములే మరియొక హెచ్చరికను కూడ ఇచ్చినవి. విషయముతో సంబంధములేని ఆకర్షణలు, అనగా వినోదము కొరకు అతికించిన బొమ్మలు, పిట్టకథలు, నేర్చుకొనుటకు అడ్డు తగులును. పిల్లవానికి ఆకర్షణ గుర్తుండును, పాఠము జారిపోవును.

ఈ రెండు ఫలితములను కలిపి చూచినచో మనకు కావలసిన కొలత లభించును: హాస్యము విషయమునకు అతికించినదా, విషయములోనుండి పుట్టినదా? నవ్వును తీసివేసినను పాఠము చెక్కుచెదరక నిలిచినచో ఆ నవ్వు అలంకారము మాత్రమే. నవ్వు అర్థమగుటకే పాఠము అర్థము కావలసి వచ్చినచో ఆ నవ్వే బోధకుడు. ఈ కొలతతో కొన్ని పుస్తకములను పరీక్షింతము.

చంద్రునిపై టిన్‌టిన్

బెల్జియము చిత్రకారుడు హెర్జే రచించిన టిన్‌టిన్ కథలలో చంద్రయాత్రకు సంబంధించిన రెండు పుస్తకములు కలవు. మొదటిది 1953లో, రెండవది 1954లో పుస్తకరూపమున వచ్చెను. అప్పటికి గగారిన్ అంతరిక్షమునకు పోవుటకు (1961) ఏడేండ్లు, మానవుడు చంద్రునిపై కాలిడుటకు (1969) పదునైదేండ్లు కలవు.

అందు ఒక దృశ్యము చూడుడు. రాకెట్టు మోటారు ఆగిపోవును. లోపలివారందరు గాలిలో తేలుదురు. మద్యప్రియుడైన కెప్టెన్ హడాక్ గ్లాసులోని పానీయము బయటికి వచ్చి గుండ్రని బంతియై తేలిపోవును. అతడు నోరు తెరచుకొని దాని వెంటబడును. ఇది చూచి నవ్వని బాలుడుండడు. ఈ నవ్వు ఎచ్చటినుండి వచ్చినది? ద్రవమునకు పాత్ర ఆధారము అక్కరలేనప్పుడు తలతన్యత దానిని గోళముగా చేయును. ఒకే ఘనపరిమాణము గల ఆకృతులలో గోళమునకే ఉపరితలము తక్కువ. ఈ సూత్రమే ఆ హాస్యమునకు మూలము. సూత్రమును తీసివేసినచో నవ్వు లేదు. మన కొలతకు ఇది నూటికి నూరు పాళ్లు సరిపోవును.

దీనినుండి ఉపాధ్యాయుడు మరియొక మెట్టు ఎక్కవచ్చును. “మోటారు ఆగగానే వారెందుకు తేలిరి?” అని అడిగినచో, తరగతిలో చాలమంది “అక్కడ గురుత్వాకర్షణ లేదు” అందురు. అది తప్పు. ఆకర్షణ ఉన్నది. అయితే మోటారు ఆగిన పిదప రాకెట్టును, అందలి మనుష్యులును, పానీయమును ఒకే తీరున చలించుచుండుటచే ఒకరినొకరు నొక్కుకొనరు. ఆ నొక్కుడు లేకపోవుటయే భారరహిత స్థితి. మోటారు పనిచేయునంతసేపు వారు నేలపై నిలువగలుగుటయు అందువలననే. హెర్జే ఈ భేదమును బొమ్మలో సరిగా పాటించెను. అనేక చలనచిత్రములు నేటికిని పాటించుట లేదు.

అదే కథలో తప్పును కలదు. హడాక్ రాకెట్టు వెలుపలికి పోయి, అడోనిస్ అను గ్రహశకలము ఆకర్షణకు లోనై దానిచుట్టు ఉపగ్రహమువలె తిరుగును. అడోనిస్ నిజముగా ఉన్నది. 1936లో బెల్జియములోనే డెల్‌పోర్ట్ అను ఖగోళజ్ఞుడు దానిని కనుగొనెను. కాని దాని పరిమాణము కిలోమీటరు లోపే. అట్టి చిన్న శకలమునుండి తప్పించుకొని పోవుటకు సెకనుకు మీటరు వేగము కూడ అక్కరలేదు; అనగా చురుకుగా నడచువాని వేగము చాలును. ఇక మహావేగముతో దూసికొనిపోవు రాకెట్టునుండి జారినవానిని అది పట్టి నిలుపుట పొసగదు. ఈ తప్పును తరగతిలో పట్టి చూపుట పలాయన వేగమును బోధించుటకు చక్కని అవకాశము.

మూడవ విషయము మరింత రుచికరము. కథలో టిన్‌టిన్ చంద్రునిపై ఒక గుహలో మంచుగడ్డను చూచును. దశాబ్దములపాటు ఇది కల్పనగానే యుండెను. 2008లో మన దేశము ప్రయోగించిన చంద్రయాన్–1లోని పరికరము, చంద్రుని ఉపరితలముపై నీటి జాడలున్నట్లు తెలిపెను. ఈ ఫలితములు 2009లో వెలువడినవి. ధ్రువప్రాంతములలో ఎండ సోకని గుంటలలో మంచు కలదని అదే పరికరపు కొలతల ఆధారముతో 2018లో ప్రకటించిరి. హెర్జే జోస్యము చెప్పెననరాదు. అతడు ఊహించెను, పరిశీలన పిదప తేల్చెను. ఊహకు పరిశీలనకు గల భేదమును చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

లడ్డూలోని శక్తి

ఇప్పుడు కుర్రవాని ప్రశ్నకు వత్తము. ‘ఛోటా భీమ్’ 2008లో దూరదర్శనపు తెరపైకి వచ్చిన పాత్ర. హైదరాబాదుకు చెందిన రాజీవ్ చిలక స్థాపించిన సంస్థ దీనిని రూపొందించినది. పిదప బొమ్మల పుస్తకములును వచ్చెను. ఢోలక్‌పూర్ అను ఊరి బాలుడు లడ్డూ తినును, కండలు ఉబ్బును, బండరాయిని ఎత్తి విసరును. ఇది అబద్ధమని కొట్టివేయుట సులభము. అయితే అబద్ధము ఎచ్చట నున్నదో లెక్కకట్టి చూతము.

మంచి లడ్డూలో సుమారు 200 కిలోకేలరీల శక్తి యున్నదనుకొందము. అది ఇంచుమించు 8,40,000 జౌళ్లు. 30 కిలోల బాలుడు ఒక మీటరు ఎత్తు ఎక్కుటకు చేయవలసిన పని 294 జౌళ్లు. కండరములు ఆహారశక్తిలో సుమారు నాలుగవ వంతును మాత్రమే పనిగా మార్చగలవు. తక్కినది వేడిగా పోవును. అయినను నాలుగవ వంతగు 2,10,000 జౌళ్లతో ఆ బాలుడు 700 మీటర్ల ఎత్తు ఎక్కవచ్చును! చార్మినారు ఎత్తు 50 మీటర్లకు పైచిలుకు. ఒక్క లడ్డూ చలువతో దాని ఎత్తును పన్నెండుమార్లు ఎక్కవచ్చునన్నమాట.

కావున లడ్డూలో శక్తి లేదనుట తప్పు. కథలోని అబద్ధము లడ్డూలో లేదు, గడియారములో ఉన్నది. తిన్నది జీర్ణము కావలెను, రక్తములో చేరవలెను, కణములలో దహనము కావలెను. ఇందుకు నిమిషములు, గంటలు పట్టును. కథలో ఇది కనురెప్పపాటులో జరిగిపోవును. అదిగాక శక్తి యెంత యున్నను దానిని క్షణములో వెలువరించుటకు తగిన కండరములు ఉండవలెను. శక్తి వేరు, సామర్థ్యము వేరు. అనగా ఎంత పని యనునది వేరు, ఎంత వేగముగా అనునది వేరు. మా తరగతిలో ఈ భేదమును నేను రెండేండ్లు నిర్వచనములతో చెప్పితిని. లడ్డూతో ఒక్క గంటలో తెలిసినది.

అయితే మన కొలతతో చూచినచో ఈ పుస్తకమునకు ఎన్ని మార్కులు? ఇచ్చట హాస్యము విజ్ఞానములోనుండి పుట్టలేదు. విజ్ఞానమును మనము బయటినుండి తెచ్చి పెట్టితిమి. ఉపాధ్యాయుడు పక్కన లేనిచో పిల్లవానికి మిగులునది లడ్డూ మహిమ మాత్రమే. మరియొక లోపము కూడ చెప్పవలెను. కథలో చిక్కు వచ్చిన ప్రతిసారి బలమే దానిని విప్పుచుండినచో, ఆలోచనకు పని తగ్గును. అయినను తెలుగునాట పిల్లలు బొమ్మల పాత్రను ఇంతగా ప్రేమించుట చిన్న సంగతి కాదు. ఆ ప్రేమను అలక్ష్యము చేసిన ఉపాధ్యాయుడు చేతికందిన పనిముట్టును పారవేసినవాడగును.

సుప్పండి, పరమానందయ్య శిష్యులు

అనంత పాయ్ పేరు ఎరుగని పాఠకులు తక్కువ. రసాయనశాస్త్రము చదివిన ఈయన 1967లో ‘అమర చిత్ర కథ’ను, 1980లో పిల్లల పత్రిక ‘టింకిల్’ను ప్రారంభించెను. టింకిల్‌లో 1983లో సుప్పండి, శికారి శంభు అను ఇద్దరు హాస్యపాత్రలు పుట్టిరి. శంభు పిరికివాడైన వేటగాడు. ప్రతి కథలోను తప్పించుకొని పారిపోవుచునే పులిని పట్టినవాడని పేరు తెచ్చుకొనును. ఇందు ఒక సూక్ష్మమైన శాస్త్రపాఠము కలదు. ఫలితము కలిగినంతమాత్రమున మనము అనుకొన్నదే కారణమని తలపరాదు. పులి పట్టుబడినది నిజము, శంభు అచ్చట నున్నది నిజము, అతడు పట్టెననుట మాత్రము నిజము కాదు. మందు మింగిన మరునాడు జలుబు తగ్గినచో మందువలననే తగ్గెననుకొనువారందరు శంభును మెచ్చుకొను గ్రామస్థులవంటివారే. పాఠకునికి నవ్వు వచ్చునది అసలు కారణము అతనికి మాత్రమే తెలియుటచేత.

సుప్పండి యజమాని మాటను అక్షరార్థముగా తీసికొని చిక్కులు తెచ్చును. మనకిది కొత్త కాదు. పరమానందయ్య శిష్యులు తెలుగునాట తరతరములుగా ఈ పని చేయుచునే యున్నారు. వారి కథలలో ఒకదానిని విజ్ఞాన దృష్టితో చూడుడు. పన్నిద్దరు శిష్యులు ఏరు దాటి, అందరు చేరిరో లేదో యని లెక్కించుకొందురు. లెక్కించువాడు తన్ను విడిచి లెక్కించుటచే పదునొకండుగురే తేలుదురు. అనుమానముతో మరియొకడు లెక్కించును, అప్పుడును పదునొకండుగురే. ఎవడో ఏటిలో పోయెనని అందరు ఏడ్తురు.

ప్రయోగశాలలో కొలతలు తీయువారికి ఇంతకంటె మంచి కథ లేదు. ఒక కొలతను పలుమార్లు తీసినచో పొరపాటు తగ్గునని మనము చెప్పుదుము. అది కొన్ని పొరపాట్లకే వర్తించును. కొలుచు పద్ధతిలోనే దోషమున్నచో నూరుమార్లు కొలిచినను అదే తప్పు వచ్చును. అందరు ఏకాభిప్రాయమునకు వచ్చుటచే తప్పు మరింత బలపడును. మొన మొక్కబోయిన స్కేలుతో తరగతిలోని నలుబదిమంది కొలిచినను జవాబు ఒక్కతీరున తప్పగును. ఈ కథలో నవ్వును పాఠమును విడదీయ శక్యము కాదు. చంద్రయాత్ర పుస్తకము పొందిన నూరు మార్కులు మన జానపద కథయు పొందుచున్నది. కొరతయేమనగా, దీనిని విజ్ఞాన దృష్టితో గడులుగా విభజించి, నేటి బాలునికి నచ్చు బొమ్మలతో అచ్చొత్తించు ప్రయత్నము నా కంటబడలేదు.

మన ఇంటి సంపద

తెలుగులో బొమ్మకు, హాస్యమునకు కొరత లేదు. తలిశెట్టి రామారావు తెలుగు వ్యంగ్యచిత్రమునకు ఆద్యుడని పేరొందెను. ముళ్లపూడి వెంకటరమణ రచనకు బాపు బొమ్మలు తోడై ‘బుడుగు’ పుట్టినది. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు సుబ్బరాయశాస్త్రి ‘బుజ్జాయి’ అను పేరుతో ‘డుంబు’ను గీసెను, 1960లలో ఆంగ్ల వారపత్రికలో పంచతంత్రమును బొమ్మల కథగా నడిపి దేశమంతట పేరు పొందెను. 1947లో మొదలైన ‘చందమామ’కు దీర్ఘకాలము రూపురేఖలు దిద్దిన కొడవటిగంటి కుటుంబరావు భౌతికశాస్త్రము చదివినవారు. జయదేవ్ చెన్నైలో జంతుశాస్త్ర అధ్యాపకులుగా పనిచేయుచునే వేలకొలది వ్యంగ్యచిత్రములు గీసినవారు. జన విజ్ఞాన వేదిక వెలువరించు ‘చెకుముకి’ పిల్లల విజ్ఞాన పత్రికగా వాసికెక్కినది.

ఇందరు సమర్థులుండియు విజ్ఞానమును హాస్యముతో చెప్పు దీర్ఘమైన బొమ్మల పుస్తకములు తెలుగులో ఏల విస్తరింపలేదు? ఇతర దేశములలో ఈ కృషి ముమ్మరముగా జరిగినది. గణితము చదివిన అమెరికా చిత్రకారుడు లారీ గోనిక్ భౌతికశాస్త్రమును, రసాయనశాస్త్రమును బొమ్మల పుస్తకములుగా వ్రాసెను. ఫ్రెంచి ఖగోళభౌతిక శాస్త్రజ్ఞుడు జాఁ పియేర్ పెతీ స్వయముగా బొమ్మలు గీచి, సాపేక్ష సిద్ధాంతమువంటి కఠిన విషయములను నవ్వుచు చెప్పెను. జపానులో గణాంకశాస్త్రము మొదలు జీవరసాయనము వరకు బొమ్మల కథలుగా వచ్చినవి. మన దేశములో లక్నో నగరమునకు చెందిన ప్రదీప్ శ్రీవాస్తవ అను శాస్త్రజ్ఞుడు విజ్ఞాన వ్యంగ్యచిత్రములకు ప్రత్యేకమైన పేరు పెట్టి ప్రచారము చేసెను.

నా దృష్టిలో మన వెనుకబాటునకు రెండు కారణములు కలవు. మొదటిది, విజ్ఞానము గంభీరము కావున నవ్వరాదను భ్రమ. మన విజ్ఞాన పాఠములలో బొమ్మలున్నచో అవి పరికరముల బొమ్మలు. మనుష్యులున్నచో వారు తప్పు చేయని మనుష్యులు. తప్పు చేయని పాత్రను చూచి ఎవరును నవ్వరు, ఎవరును నేర్చుకొనరు. రెండవది భాష. బొమ్మలోని మనిషి నోటినుండి వెలువడు బుడగలో “అభికేంద్ర బలము ప్రయోగింపబడినది” అని వ్రాసినచో ఆ బుడగ అక్కడనే పగిలిపోవును. నేనీ వ్యాసమును గ్రంథపు ధోరణిలో వ్రాయుచున్నాను. వ్యాసమునకు అది చెల్లును. కాని చేవెళ్ల బాటమీది కుర్రవాడు బొమ్మలో మాటలాడునపుడు “అట్లెట్లయితది?” అనియే అడుగవలెను. బుడుగు తెలుగువారి మనస్సును దోచుకొన్నది వాని సొంత మాటతోనే. పారిభాషిక పదమును విడువనక్కరలేదు. గడి అడుగున వివరణలో ఉంచవచ్చును. పాత్ర మాట పాత్రదిగా, శాస్త్రము మాట శాస్త్రముదిగా ఉండనిండు.

మేడిపండు పొట్టలో

విమర్శకుడు లోపములెంచి ఊరకుండుట న్యాయము కాదు. కావున ఒక విషయమును సూచింతును. హిమాయత్‌నగర్ మీదుగా చేవెళ్ల పోవు బాట మర్రిచెట్లకు ప్రసిద్ధము. ఆ దారిలో వందలకొలది మర్రులు ఊడలు దించి నిలిచియున్నవి. మర్రియు మేడియు ఒకే కుటుంబమునకు చెందినవి. మేడిపండు పొట్ట విప్పి చూచినచో పురుగులుండునని పద్యము చదివిన ప్రతి బాలునికి తెలియును. ఆ పురుగులు అచ్చట ఏమి చేయుచున్నవో మాత్రము ఏ కొందరికో తెలియును.

మనము పండనుకొనునది లోపలికి ముడుచుకొనిన పూలగుత్తి. మిక్కిలి చిన్న కందిరీగ జాతి ఆడ పురుగు ఒకటి, తాను పుట్టిన పండునుండి పుప్పొడి మోసికొని వచ్చి, కొన దగ్గరి సన్నని ద్వారము గుండ దూరును. ఆ ఇరుకులో దాని రెక్కలు సామాన్యముగా ఊడిపోవును. లోపల పూలకు పుప్పొడి అందించి, కొన్నిట గ్రుడ్లు పెట్టి చనిపోవును. ఆ గ్రుడ్లలోనుండి పుట్టిన మగ పురుగులకు రెక్కలుండవు. అవి లోపలనే ఆడ పురుగులతో జతకూడి, వెలుపలికి సొరంగము త్రవ్వును. ఆ దారిన ఆడ పురుగులు పుప్పొడితో ఎగిరిపోవును. దారి త్రవ్వినవి తాము ఎగురలేక సామాన్యముగా అచ్చటనే చనిపోవును. ఈ పురుగులు లేనిచో చెట్టునకు గింజ లేదు; చెట్టు లేనిచో పురుగునకు ఇల్లు లేదు. అనగా పద్యములో నిందకు గురియైన పురుగు చెట్టునకు వంశోద్ధారకుడు!

ఇందు నాటకము కలదు, కరుణ కలదు, కావలసినంత హాస్యమును కలదు. ద్వారములో రెక్కలు పోగొట్టుకొని విసుగుకొను అమ్మ పురుగు, బయటి లోకమును చూడకయే సొరంగము త్రవ్వుచు గొప్పలు చెప్పుకొను మగ పురుగు, పండు విప్పి “ఛీ” యని పారవేయు కుర్రవాడు చాలును, పాత్రలు సిద్ధము. నవ్వు విషయములోనుండియే పుట్టును.

ఉపాధ్యాయ మిత్రులు పుస్తకము అచ్చగువరకు ఆగనక్కరలేదు. తెల్లకాగితమును ఎనిమిది గడులుగా మడిచి విద్యార్థులకిచ్చి, ఈ కథను గీయుమనుడు. బొమ్మలు బాగుండనక్కరలేదు, గీతలతో మనిషిని నిలిపినను చాలును. ప్రతి గడికి ఒక్క ప్రశ్న వేయుడు: “ఇది చూచి వేసితివా, ఊహించి వేసితివా?” చూచినదాని పక్కన కంటి గుర్తు, ఊహించినదాని పక్కన ప్రశ్నార్థకము పెట్టనిండు. పిదప నేలరాలిన పండ్లు కొన్నిటిని తెచ్చి కోసి, భూతద్దముతో చూచి, ప్రశ్నార్థకములలో ఎన్ని కంటి గుర్తులుగా మారునో లెక్కింపుడు. అంగడిలో కొన్న బొమ్మల పుస్తకమునకును ఇదే పద్ధతి వర్తించును. ప్రతి కథలో ఒక తప్పును, ఒక ఒప్పును పట్టి తెచ్చినవానికి ఆ పుస్తకము చదువు హక్కు కలదని తరగతిలో ప్రకటింపుడు. దాచుకొని చదువు అవసరము పోవును.

నేను ఆ కుర్రవాని పుస్తకమును మరుసటి వారము తిరిగి యిచ్చితిని. దానితోపాటు లడ్డూ లెక్కను బోర్డుమీద వేసితిని. వాడు చివరివరకు చూచి, “అయితే సార్, బలం వస్తది గాని జర ఆలస్యమైతది, అంతే గద” అనెను. అంతే. శక్తికి సామర్థ్యమునకు గల భేదమును నేను అంతకంటె తక్కువ మాటలలో ఎన్నడును చెప్పలేకపోతిని. ఆ మాటను ఒక బుడగలో పెట్టి, పక్కన లడ్డూ చేతబట్టిన కుర్రవానిని గీచినచో, తెలుగులో మంచి విజ్ఞాన బొమ్మల కథకు అది మొదటి గడి యగును. రెండవ గడిని గీయవలసిన చేయి ఏదో ఒక తరగతిలో వెనుక వరుసలోనే కూర్చుండి యున్నది. దానిని సొరుగులో వేయకుండుటయే మన పని.